కారా-బెల్ గేటు: ఎవరి పేరు పైన

కిందటి వారం ఏడాది విందు దగ్గర ఆగాం, మనిషి పోయిన ఏడాదికి పెట్టే విందు అది. గుర్రాన్ని కోశారు. వయసును బట్టి ఎవరికి ఏ ఎముక వెళ్లాలో ఆ ఎముక వెళ్లింది. నా భార్య జిపారా గురించి ముసలివాళ్లు మంచి మాటలు చెప్పారు. దీవెన చదివి, అరచేతులు ముఖానికి రాసుకుని లేచి వెళ్లిపోయారు.

ఈ వారమే పత్రిక చేతికి తీసుకున్నవారికి ముందు సంగతి చెప్పాలి. కిందటి చలికాలం జిపారా కారా-బెల్ కనుమలో మంచు చరియ కింద చిక్కుకుని చనిపోయింది. కనుమ దారికి అడ్డంగా ఒక గేటుంది. చరియ విరిగే ప్రమాదం ఉంటే అది దానంతటదే దిగాలి. ఆ రోజు దిగలేదు. గేటును నడిపే ప్రోగ్రాము రాసింది జిపారాయే. తప్పు రాసినవాళ్లదేనని విచారణ సంఘం తేల్చింది. అంటే తన తప్పుకు తనే బలైంది. ఈ మాట చెప్పుకుని నాలుక చప్పరించినవాళ్లు విందులో నా ఎదుటే కూర్చుని తిన్నారు.

మా సంస్థ డైరెక్టరు తిలెక్. జిపారా తమ్ముడు, నా బావమరిది. ఏడాది విందు అయ్యేదాకా అక్క పని మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదన్నాడు. మా వైపు పోయినవాళ్ల సామాను అప్పటిదాకా కదపరు. కోటు కొక్కేనికే వేలాడుతుంది. అలాగే గేటు ప్రోగ్రాముకూ తాళం పడింది. నేను వేరే గదిలో వేరే పని చేసుకునేవాణ్ణి. ఆమె కుర్చీ నాకిచ్చారు. కూర్చున్నాను. అంతే.

విందు అయిపోయింది కనక ఇక తాళం తీయొచ్చు. విందు తరవాత ఆఫీసు తెరిచిన ఉదయమే తీశాను.

ఆకాశం కడిగినట్టుంది. గాలి మాత్రం ఆగడం లేదు. కిటికీ సందులో కుక్కిన పాత గుడ్డ లోపలికీ బయటికీ కదులుతోంది. కింద వీధిలో పాప్లార్ చెట్లన్నీ ఒకే పక్కకి వంగి ఉన్నాయి. ప్రోగ్రాములు పరీక్షించే పిల్ల బెగిమాయ్ టీ గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది.

"తాగండి సోకే. విందుకు వేయించిన బూర్సోక్ రొట్టెముక్కలు ఇంకా సంచీడు మిగిలున్నాయి. రాళ్లయిపోయాయి. డైరెక్టరుగారి తలకేసి కొడితే తలే పగులుతుంది."

"పగలదు. నా బావమరిది తల నాకు తెలుసు."

నా పేరు సోవెత్‌బెక్. చిన్నవాళ్లెవరూ నన్ను పూర్తి పేరుతో పిలవరు. సోకే అంటారు. మర్యాద అది. మర్యాదకు మా దగ్గర ఎప్పుడూ లోటు లేదు.

చేసే పని ఏమిటో కూడా చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు. పెద్ద ప్రోగ్రామును ఒక్కరు రాయరు. ముక్కలుగా రాస్తారు. గేటును ఎత్తే, దించే ముక్క జిపారాది. రోడ్డు శాఖకు కబురు పంపే ముక్క తిలెక్‌ది. ఈ రెండింటికీ మూడో ముక్క కావాలి, అదే మంచు లెక్క. చరియ విరుగుతుందా లేదా అని చెప్పేది అదే. అదీ జిపారాదే. ఏ ముక్కలు కావాలో ఒక ఫైల్లో వరుసగా రాస్తాం. యంత్రం ఆ ఫైలు చదివి, ముక్కలన్నీ పోగుచేసి, ఒకటిగా కడుతుంది. దాన్ని బిల్డ్ అంటాం.

ఆ ఫైలుకు మా ఆఫీసులో పేరు దస్తర్‌ఖాన్. అంటే భోజనాల గుడ్డ. సంస్థ పెట్టిన ముసలాయన పెట్టిన పేరది. విందుకు పిలిచినవాడు ఒక్కడే రాడు, ఇంకొకణ్ణి వెంటేసుకుని వస్తాడు, ముక్కలూ అంతేనని అనేవాడు. గుడ్డ చుట్టూ ఎవరెక్కడ కూర్చోవాలో కూడా ఆయనే పెట్టాడు. పెద్దవాళ్లు రాసిన ముక్క పేరు పై వరుసలో ఉంటుంది. తరవాతివాళ్లది తరవాత. కొత్తగా చేరినవాడిది అట్టడుగున, గుమ్మం పక్కన. ఇంకే ఆఫీసులోనూ ఇలా ఉండదు. ఆయన పోయినా ఆచారం పోలేదు. పైన ఏ పేరున్నా, కింద ఏ పేరున్నా యంత్రానికి పట్టదని మా అందరికీ తెలుసు.

అందరికీ తెలిసింది తప్పు.

తాళం తీశాక, ఎవరు ఎవర్ని వెంటబెట్టుకొచ్చారో చెప్పమని యంత్రాన్ని అడిగాను. తెర మీద కొమ్మలు దిగినట్టు గీతలు దిగాయి. బెగిమాయ్ నా భుజం మీదుగా వంగి చూసింది.

"మంచు లెక్క రెండుసార్లు ఉందేంటి సోకే?"

"చదువు."

"జిపారా అక్క ముక్క వెంట వచ్చింది కొత్తది. డైరెక్టరుగారి ముక్క వెంట వచ్చింది పాతది." ఆగింది. "కొత్తదాని పక్కన ఏదో రాసి ఉంది చూడండి. వదిలేశాను అంటోంది."

ఒకే పేరుతో ఇద్దరు వస్తే యంత్రం ఇద్దర్నీ కూర్చోబెట్టదు. ఒకణ్ణి ఉంచుకుని ఒకణ్ణి పంపేస్తుంది. ఇద్దరూ ఒకే దూరపు చుట్టాలైతే, ఎవరి పేరు పైన ఉందో వాళ్ల వెంట వచ్చినవాడే ఉంటాడు. పంపేసినట్టు ఎవరికీ చెప్పదు. ఎర్ర అక్షరం ఒక్కటీ రాదు. అడిగినవాడికే చెబుతుంది.

దస్తర్‌ఖాన్ తెరిచాను. తిలెక్ పేరు పైన ఉంది. జిపారా పేరు దాని కింద ఉంది.

పాత మంచు లెక్క ఆకాశం నుంచి కురిసేదాన్నే చూస్తుంది. ఆకాశం బాగుంటే గేటు ఎత్తేస్తుంది. గాలి ఊడ్చుకొచ్చి కొండ అంచున పోగేసే మంచు దానికి కనబడదు. కొత్త లెక్కను జిపారా ఆ గాలి కోసమే రాసింది. వంటగదిలో బల్ల మీద రాసేది. పిలిస్తే పలికేది కాదు. రాసింది, పరీక్షించింది, గేటుకు పంపింది. విడిగా పరీక్షించినప్పుడు అది సరిగ్గానే పనిచేసింది. అన్నీ కలిపి కట్టినప్పుడు దానికి చోటే దొరకలేదు. ఆ సంగతి ఆమెకు తెలియలేదు. తరవాత ఒక ఎండ రోజు, ఇలాంటి గాలిలోనే, కారు వేసుకుని కనుమ ఎక్కింది. గేటు ఎత్తి ఉంది. తన లెక్కే ఎత్తిందనుకుంది. నమ్మి లోపలికి వెళ్లింది.

అంటే తప్పు ఆమెది కాదు.

ఏడుపు రాలేదు. వస్తుందేమోనని కాసేపు చూశాను. టీ తాగాను. చల్లారిపోయింది.

"సోకే," అంది బెగిమాయ్. "ఇప్పుడు గేటు మీద నడుస్తున్నది ఏది?"

"ఏడాది కింద తాళం వేసినదే."

"పాత లెక్కేనా?"

"పాత లెక్కే."

ఇద్దరం కిటికీ వైపు చూశాం. గుడ్డ కదులుతోంది.

రోడ్డు శాఖకు ఫోను చేశాను. గేటును ఇక్కడి నుంచి దింపలేం, వాళ్లు దింపగలరు. కనుమ దగ్గర పూర్వం ఒక కాపలావాడు ఉండేవాడు. యంత్రం వచ్చాక ఇంటికి పంపేశారు. ఫోనెత్తినవాడు ఏదో నములుతున్నాడు.

"కారా-బెల్ గేటు దింపండి. పైన మంచు పేరుకుంది."

"మా తెర మీద తెరిచే ఉంచమని చూపిస్తోందే?"

"అది తప్పు చూపిస్తోంది."

"ఎవరిదయ్యా ఆ మెషిను?"

"మాదే."

"మీ మెషినే తెరవమంటుంటే మూయడానికి నేనెవర్ని? మీ డైరెక్టరు చేత కాగితం పంపించు. పోనీ మీ మెషిన్నే దింపమను. నా నెత్తినెందుకు?"

పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

తిలెక్ గది నడవా చివర ఉంది. తలుపు తెరిచేసరికి ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్నాడు. విందు ఎంత బాగా జరిగిందో చెబుతున్నాడు. నన్ను చూసి చెయ్యి ఊపాడు. మాట ముగించి, ఫోను బోర్లా పెట్టాడు.

"రా బావా. గుమ్మం దగ్గర నిలబడ్డావేంటి, పై చోటుకొచ్చి కూర్చో."

"ఇక్కడే బాగుంది."

గుమ్మం దగ్గరే నిలబడి చెప్పాను. ఎక్కువ మాటలు పట్టలేదు. తిలెక్ తెలివితక్కువవాడు కాదు. నేను సగం చెప్పేసరికే మిగతా సగం అతనికి అర్థమైంది. కుర్చీలో వెనక్కి వాలాడు. పైకప్పు చూశాడు. తరవాత అతని నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఇది:

"ఇంకెవరికి తెలుసు?"

"బెగిమాయ్‌కి."

"దాన్ని నోరు మూసుకోమను."

"గేటు బిల్డ్ మార్చాలి. రెండు పేర్లు అటూ ఇటూ చెయ్యాలి, అంతే. నువ్వు ఒప్పుకున్నట్టు నొక్కాలి. నువ్వు నొక్కందే బయటికి పోదు."

"సోమవారం చూద్దాంలే."

"గాలి ఇవాళ వీస్తోంది."

"బావా, కూల్‌గా విను. సంఘం కేసు మూసేసింది. ఇప్పుడు మనంతట మనం గేటు మీద చెయ్యి వేశామనుకో, ఎందుకు మార్చారని అడుగుతారా లేదా? ఏం చెప్పమంటావ్? మొదటి నుంచీ తప్పుగా కట్టామని చెప్పనా? రేపే మనకు తాళం వేస్తారు. ఇక్కడున్నవాళ్లందరూ ఇళ్లకు పోతారు. నువ్వూ పోతావ్."

"నేను ఏ ఇంటికి పోవాలి?"

బల్ల మీద కలం తీసి మళ్లీ పెట్టాడు.

"అక్క ఎలాగూ తిరిగి రాదు."

"రాదు. పేరు తిరిగి రావచ్చు."

"పేరుకేం తక్కువైంది? ఇంత ఘనంగా చేశాను కదా! గుర్రాన్ని కోయించాను. జిల్లా జిల్లా అంతా వచ్చి తినిపోయింది. ఎవడు చేశాడు అక్కకి ఇట్లా?"

"ఆ గుర్రాన్ని ఆమె తప్పుకు కోయించావా, నీ తప్పుకు కోయించావా?"

లేచాడు. మొహం ఎర్రబడింది. చిన్నప్పుడు కూడా ఇలాగే ఎర్రబడేవాడని జిపారా చెప్పేది.

"నోరు జాగ్రత్త బావా. అక్క మొగుడివని ఊరుకుంటున్నా."

"ఊరుకోకు. ఆమె నీకంటే పెద్దది. ఈ ఆఫీసు ఆచారం చూసినా నీ పేరు ఆమె కింద ఉండాలి. పైకి ఎక్కించుకున్నావు. ఎక్కించుకున్నవాడివి పాత లెక్కనైనా మార్చుకోలేదు. నీ పేరు కిందే ఉండి ఉంటే ఆ గేటు దిగేది."

"నేను ఎక్కించుకున్నానా?" నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నేనా? డైరెక్టరైనప్పటి నుంచి ఈ ఆఫీసులో నేను తెరిచింది టీ డబ్బా ఒక్కటే. అందరూ నవ్వుకుంటారు, నాకు తెలీదా? ఆ ఫైలు మొహమే నేను చూడలేదు. అమ్మ మీద ఒట్టు, నేను మార్చలేదు."

నమ్మాలనిపించలేదు. కానీ టీ డబ్బా మాట నిజం.

అప్పుడు తలుపు కొట్టి బెగిమాయ్ లోపలికొచ్చింది.

"డైరెక్టరుగారూ, మీ అమ్మగారు ఫోన్ చేశారండి. మీ ఫోన్ ఎంతసేపూ బిజీ అట, నాకు చేశారు. కోక్-తొర్‌లో ఆగి సూపు తాగారట. వ్యాను బయల్దేరుతోందట. పైన సిగ్నల్ ఉండదు, ఊరు చేరాక చేస్తానన్నారు. సంచీలో బూర్సోక్ పెట్టినందుకు మీ ఆవిడకి దీవెన చెప్పమన్నారు."

కోక్-తొర్ కనుమకు ఇవతల చివరి ఊరు. అది దాటితే ఒకటే దారి.

"అమ్మ వెళ్లేది రేపు కదా!" అన్నాడు తిలెక్.

"ఎవరో మీ ఊరివాళ్ల వ్యానులో చోటు దొరికిందట. మీరు ఆఫీసుకొచ్చాక ఎక్కారట."

తిలెక్ తల్లి బాత్మా, మా అత్తగారు. కూతురి విందుకు వచ్చింది. ముసల్ది, మొండిది. విందులో నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

తిలెక్ ఫోను తీసి నొక్కాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. మళ్లీ నొక్కాడు. ఆ గొంతు నాకూ వినిపించింది. అందుబాటులో లేరని చెబుతోంది. ఏ తొందరా లేని ఆడగొంతు.

"ఎక్కడ నొక్కాలి?" అన్నాడు.

సంఘం గురించి ఇంకేం అనలేదు. సోమవారం అనలేదు. కీబోర్డు ముందు కూర్చుని తన రహస్యపదం కొట్టాడు. తప్పు పోయింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ తప్పు పోయింది. అక్క కోసం కదలని వేళ్లు అవి. నేను సాయం చెయ్యలేదు. మూడోసారికి కుదిరింది. ఇక గేటుకు ఏ బిల్డ్ పంపినా అతను ఒప్పుకున్నట్టే.

నా గదికి పరుగెత్తాం. అంటే వాళ్లిద్దరూ పరుగెత్తారు. నేను నడిచాను.

పని చిన్నది. జిపారా వరుసను కోసి తిలెక్ వరుస పైన అతికించాను. యంత్రాన్ని కట్టమన్నాను. కడుతున్నంతసేపూ తిలెక్ నా వెనక నిలబడి గట్టిగా ఊపిరి పీలుస్తున్నాడు. బెగిమాయ్ గోళ్లు కొరుకుతోంది. మళ్లీ అదే ప్రశ్న అడిగాను, ఎవరు ఎవర్ని తెచ్చారని. ఈసారి పాతదాన్ని వదిలేశానంది. కొత్తదాన్ని ఉంచుకుంది. ఏడాది ఆలస్యంగా జిపారా లెక్కకు గుడ్డ మీద చోటు దొరికింది.

గేటుకు పంపాను.

కనుమ దగ్గర స్తంభానికి ఒక కెమెరా ఉంది. వీడియో రాదు. అక్కడ లైను బలహీనం. ఉండి ఉండి ఒక బొమ్మ వస్తుంది. మొదటి బొమ్మలో గేటు కర్ర పైకెత్తి ఉంది. దారి ఖాళీ. కొండ అంచు నుంచి మంచు పొగలా లేస్తోంది. ఆకాశం నీలంగా, బాగా ఉంది.

"రా, రా, రా," అంటోంది బెగిమాయ్.

రెండో బొమ్మ వచ్చింది. కర్ర దిగి ఉంది. దాని ముందు తెల్ల వ్యాను ఆగి ఉంది.

తిలెక్ పెద్దగా నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. నా భుజం పట్టుకుని ఊపాడు. "ఆగింది బావా! చూశావా, ఆగింది! అక్క ఆపింది! అక్కే ఆపింది అమ్మని!"

బెగిమాయ్ ఏడ్చేసింది. నేను భుజం విడిపించుకున్నాను.

"పేరు ఎవరు మార్చారో చూడు బావా," అన్నాడు కాసేపటికి. ధైర్యం వచ్చింది. "చూడు. ఎవడో నన్ను మెప్పించడానికి మార్చి ఉంటాడు. వాడెవడో నాక్కావాలి. అక్కని చంపింది వాడు. వాణ్ణి ఈ ఊళ్లో బతకనివ్వను."

ఫైల్లో ఎవరు ఏ వరుస ఎప్పుడు మార్చినా యంత్రం గుర్తుపెట్టుకుంటుంది. మార్చినవాళ్లు ఎందుకు మార్చారో ఒక మాట రాయాలి. అడిగాను. చెప్పింది.

తిలెక్ డైరెక్టరైనందుకు విందు చేసిన మర్నాడు ఆ వరుస మారింది. ఆ విందు నాకు గుర్తుంది. పై చోటులో జిపారా కూర్చోబోతే అత్తగారు చెయ్యి పట్టుకుని ఆపింది. అందరూ వింటుండగా, నీ తమ్ముడు ఇప్పుడు పెద్దమనిషి, వాడి పైన నువ్వు కూర్చోవడమేంటే అంది. జిపారా నవ్వి కిందికి జరిగింది. ఇంటికొచ్చే దారిలో ఆ మాటే ఎత్తలేదు. నేనూ మర్చిపోయాను.

తెర మీద జిపారా పేరుంది. పక్కన ఆమె రాసిన మాట.

తమ్ముడు పైన ఉండాలి. అమ్మ చెప్పింది.

బెగిమాయ్ చదివి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తిలెక్ వెనకున్నాడు, అతనికి కనబడటం లేదు.

"ఎవడు?" అన్నాడు. "ఎవడు బావా? చెప్పు."

తెర ఆపెయ్యొచ్చు. తెలియదు అనొచ్చు. జిపారా అయితే అలాగే అనేది. నేను తెరను అతని వైపు తిప్పాను.

చదివాడు. మళ్లీ చదివాడు. కుర్చీ కోసం చెయ్యి చాచాడు, అందలేదు. గోడకు ఆనుకున్నాడు. అతణ్ణి చూస్తూ ఏమైనా అనిపిస్తుందేమో చూసుకున్నాను. కిటికీ సందులో గాలి చప్పుడు వినిపించింది. అంతకుమించి ఏం లేదు.

"సోకే," అంది బెగిమాయ్. "ఇటు చూడండి."

ఇంకో బొమ్మ వచ్చింది. వ్యాను తలుపు తెరిచి ఉంది. తల చుట్టూ తెల్ల గుడ్డ కట్టుకున్న ముసలామె గేటు దగ్గర నిలబడి ఉంది. అరచెయ్యి కర్ర మీద ఉంది. డ్రైవరు కర్ర కింద భుజం పెట్టి వంగి ఉన్నాడు. ఆ కర్రకు తాళం లేదు. ఇద్దరు కలిసి ఎత్తితే లేస్తుంది, వదిలితే మళ్లీ దిగుతుంది. మా వైపు బండి నడిపే ప్రతివాడికీ తెలుసు. ఆకాశం నీలంగా ఉంటే గేటు ఎందుకు దిగిందని ఎవడూ ఆలోచించడు, చెడిపోయిందనుకుంటాడు.

"వద్దమ్మా," అన్నాడు తిలెక్ తెరతో. "వద్దు. ఆగు. అమ్మా, ఆగు."

తరవాతి బొమ్మ కోసం నిలబడ్డాం. తెర మీద ఒకవైపు జిపారా రాసిన మాట అలాగే ఉంది.

బొమ్మ పై నుంచి కిందికి మెల్లగా దిగింది. ముందు ఆకాశం. తరవాత కొండ అంచు. తరవాత గేటు.

కర్ర దిగే ఉంది. ముందు వ్యాను లేదు. మనుషులు లేరు.

"వెనక్కి వెళ్లిపోయారు," అన్నాడు తిలెక్. "వెళ్లిపోయారు కదా బావా? వెనక్కే కదా వెళ్లారు?"

వెనక్కి తిరిగారో, కర్ర ఎత్తి పైకి పోయారో చెప్పాలంటే చక్రాల జాడ కావాలి. తెరకు దగ్గరగా వంగి వెతికాను. గేటుకు ఇవతలా లేదు, అవతలా లేదు. గాలి రెండు వైపులా ఊడ్చేసింది.